బతికుండగానే రాయెక్కిన జమాల్ సాబ్

పంతొమ్మిది వందల అరవై రెండు, జనవరి ఇరవయ్యారున, రాళ్ళపేట పంచాయతీ ఆఫీసు ముందర జమాల్ సాబ్ చచ్చిపోయినాడు. ఆ సమయానికి ఆయన ముందు వరసలోనే నిలబడి ఉన్నాడు. ఉతికిన లుంగీ కట్టుకుని, తల మీద టోపీ సర్దుకుని, మీసాలకు నూనె పూసుకుని వచ్చి, తన చావుకు తానే రెండు నిమిషాలు మౌనం పాటించినాడు. నడుమ దగ్గు వస్తే ఆపుకున్నాడు కూడా, పోయినవాళ్ళకు మర్యాద తక్కువ కాకూడదని.

ఇట్లాంటి చావు అందరికీ రాదు. దానికి చాలా ఏండ్ల సేవ కావాల.

ధర్మవరానికీ కొత్తచెరువుకూ నడుమ ఉండే రాళ్ళపేటకు వానలు వస్తే వస్తాయి, లేకుంటే లేదు. మంటలు మాత్రం ఏటా వస్తాయి. బోదగడ్డి కప్పిన కొట్టాలు, వాటిని ఆనుకుని చెనక్కాయ కట్టె వాములు, వాటి పక్కనే మగ్గాల గుడిసెలు. ఎవడో ఒకడు బీడీ పారేస్తాడు, మిగతా పని గాలి చూసుకుంటుంది. ఫైరింజను అనేదొకటి ఉంటుందని ఊరంతా విన్నది. చూసినవాడు ఒక్కడూ లేడు.

యాభై రెండు కరువులో నేసేవాళ్ళ వీధి సగం కాలిపోయినాక ముగ్గురు మనుషులు కలిసి మంటల దళం పెట్టినారు. వాళ్ళను ఎవరూ పెట్టమనలేదు, పెట్టినాక ఎవరూ మెచ్చుకోనూ లేదు.

మొదటివాడు జమాల్ సాబ్. దిగుడుబావిలో నీళ్ళు తోలుతిత్తికి నింపుకుని, వీపున వేసుకుని, ఇంటింటికీ పోసేది ఆయన పని. పొద్దున లేచినప్పటి నుంచి నడుము వంచి నడిచీ నడిచీ, ఖాళీ చేతులతో పోతున్నప్పుడు కూడా ఏదో వెతుక్కుంటున్నవాని మాదిరి ఉండేవాడు. ఊర్లో ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ‘తిత్తి సాబు’ అనేవాళ్ళు. రెండోవాడు ఎర్రన్న. ఇండ్లు కప్పేవాడు. ఏ కొట్టం ఏ దూలం మీద నిలబడి ఉందో, ఏ తాడు కోస్తే కప్పు ఎటు పడుతుందో అతనికి తెలుసు. మూడోవాడు ఓబుళేసు. బండి తోలుతాడు. అతని ఎద్దులు నిదానం, అతను ఎద్దుల కంటే నిదానం. అయినా పిలిస్తే రాకుండా ఉండడు, అందరికంటే వెనక వస్తాడు, అంతే.

కొక్కేలు బిగించిన పొడుగు కర్రలు, కొన్ని గోనెపట్టలు, చెట్టుకు వేలాడగట్టిన రైలుపట్టా ముక్క, ఒక నులకమంచం. ఇదీ దళం సామాను. రైలుపట్టా మీద రాయితో కొడితే ఊరంతా వినపడుతుంది. మంచం ఎందుకంటే, దళం మంటలొక్కటే చూసేది కాదు. పాము కరిచినా, కాన్పు కష్టమైనా, మగ్గం గుంతలో పడి కాలు విరిగినా, మనిషిని మంచం మీద వేసుకుని ధర్మవరం ఆసుపత్రికి మోసుకుని పోయేవాళ్ళు.

ఆ మంచం పీరాంబీది. జమాల్ సాబ్ భార్య. పెండ్లికి పుట్టింటివాళ్ళు పెట్టిన మంచం. ఊర్లో ఎవరికి ఏమైనా ఆమె నేల మీద పండుకోవాల్సి వచ్చేది.

“ఏమయ్యా, ఈ పొద్దు ఎవురు నా మంచం మీద?” అని అడిగేది.

“నల్లప్ప ఇంటికి వచ్చిన చుట్టం. కణేకల్లు ఆయప్ప. కడుపునొప్పి.”

“ఏం తిన్న్యాడంట?”

“పెండ్లికి వచ్చినాడు గదా, ఓళిగలు తిన్న్యాడు.”

“ఓళిగలు తినేదానికి వాడు, నేల మీద పండుకునేదానికి నేను. బాగుండాది మీ సేవ!”

తిట్టేది గానీ ఆ మంచం తిరిగివచ్చినప్పుడల్లా వేడినీళ్ళు పోసి, నులక బిగించి, మళ్ళీ గుమ్మం పక్కన నిలబెట్టి పెట్టేది, ఎత్తుకునేవాళ్ళకు అందేటట్లు.

మంటలు ఆర్పేదాంట్లో జమాల్ సాబ్‌ది ఒక పద్ధతి. కాలేదాని మీద ఒక్క చుక్క పోసేవాడు కాదు. “అది పోయినట్లే లెక్క. ఈడ తాగేదానికే నీళ్ళు లేవు, బూడిదకు తాపాల్నా? పక్కదాని మీద పొయ్యల్ల,” అనేవాడు. అందుకని ఎర్రన్న ముందుగా కాలే కొట్టం కప్పును కొక్కేలతో లాగి కూలగొట్టేవాడు. ఓబుళేసు, మిగతా జనం దాని మీద మట్టి పోసేవాళ్ళు. జమాల్ సాబ్ తన తిత్తిలో నీళ్ళన్నీ పక్కింటి కప్పుకు తాపేవాడు. కాలిపోయే ఇంటివాడు రొమ్ము బాదుకుంటూ తిడుతూనే ఉండేవాడు. పక్కింటివాడు మరుసటిరోజు కనపడితే, కప్పు తడిపి చెడగొట్టినావని తిట్టేవాడు.

యాభై ఏడు ఎండాకాలంలో నేసేవాళ్ళ వీధిలోనే మళ్ళీ అంటుకుంది. ఎర్రన్న కప్పు మీదికి ఎక్కి తాడు కోస్తుండగా దూలం ముందే విరిగింది. జమాల్ సాబ్, ఓబుళేసు అతన్ని బయటికి లాగి మంచం మీద వేసుకుని పరుగెత్తినారు. సగం దారిలో ఎర్రన్న నీళ్ళు అడిగినాడు. తిత్తిలో ఉన్న నీళ్ళన్నీ మంట దగ్గరనే అయిపోయినాయి. ధర్మవరం చేరకముందే అతను పోయినాడు. ఊరంతా పనికి పోకుండా అతని వెంట నడిచింది. ఆ రోజు ఓబుళేసు కూడా వేగంగా నడిచినాడు.

తర్వాత ఐదేండ్లు ఎర్రన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. అరవై రెండులో అనంతపురం నుంచి ఒక అధికారి వస్తాడని కబురు వచ్చినాక ఎత్తినారు. పంచాయతీ ప్రెసిడెంటు జయరాముడికి ఆ అధికారికి ఏం చూపించాల్నో తోచలేదు. రోడ్డు లేదు, బడికి కప్పు లేదు, బావిలో చాలినన్ని నీళ్ళు లేవు. ఆలోచించి ఆలోచించి, స్మారకం చూపిద్దామన్నాడు. స్మారకం కావాలంటే ఒక రాయి చాలు. రాళ్ళకు మాత్రం ఆ ఊర్లో కరువు లేదు.

రాయి పని పుల్లన్నకు ఒప్పజెప్పినారు. పుల్లన్న రోళ్ళు, తిరగళ్ళు చెక్కేవాడు. ఎప్పుడైనా అక్షరాల పని వచ్చిందంటే అది సమాధిరాయే. సమాధిరాయికి పైన సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ చెక్కాల, అవి ఉన్నంతకాలం పోయినవాని పేరు ఉంటుందని. తాతల నాటి అలవాటు. జయరాముడు కాగితం మీద ‘ఊరికి సేవ చేసిన మంటల దళం’ అని రాసి, కింద జమాల్ సాబ్, ఎర్రన్న, ఓబుళేసు అని మూడు పేర్లు రాసిచ్చినాడు. ఎవరు ఉన్నారో ఎవరు పోయినారో ఆయన రాయలేదు. ఊరందరికీ తెలిసిందే కదా అనుకున్నాడు. పుల్లన్నకూ తెలుసు. పుల్లన్న చేతికి మాత్రం తెలియదు. ఉలి పట్టుకోగానే ఆ చెయ్యి నేరుగా పైకి పోయి ఒక పక్క సూర్యుణ్ణి, ఒక పక్క చంద్రుణ్ణి చెక్కేసింది.

“ఏం పుల్లన్నా, బతికుండేవాళ్ళ మీద సూర్యచంద్రులేందప్పా?” అని ఓబుళేసు అడిగితే, పుల్లన్న రాయిని ఇటుపక్కా అటుపక్కా చూసి, “బాగలేదా? సాబు పేరు కూడా ఉండాది గదాని చంద్రుణ్ణి కొంచెం పెద్దగానే చెక్కితినే!” అన్నాడు.

జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేసినాక అధికారిని రాయి దగ్గరికి తీసుకుపోయినారు. ఆయన సూర్యచంద్రులను చూసినాడు, పేర్లు చదివినాడు, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ప్రాణాలర్పించిన ఈ ముగ్గురు వీరుల కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం,” అన్నాడు. జయరాముడు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. అంత పెద్దమనిషి తప్పు చెప్తే దిద్దేది ప్రెసిడెంటు పని కాదు. అందరూ నిలబడినారు. చచ్చిపోయిన ఓబుళేసు చచ్చిపోయిన జమాల్ సాబ్ చెవిలో, “మనం గూడా నిలబడల్నా?” అని అడిగినాడు. “ఎర్రన్న కోసం నిలబడు,” అన్నాడు జమాల్ సాబ్.

అక్కడితో అయిపోయి ఉంటే కథ లేదు. వితంతువుకు ఇచ్చేదానికని జయరాముడు ఒక తెల్లచీర తెప్పించి పెట్టినాడు. అది ఎర్రన్న భార్య ఆంజినమ్మకు. అధికారి ఆ చీర చేతికి తీసుకుని, రాయి మీద మొదటి పేరు చూసి, “జమాల్ సాబ్ గారి భార్య ఎవరమ్మా?” అని గట్టిగా అడిగినాడు.

మొగునికేదో గౌరవం చేస్తున్నారనుకుని పీరాంబీ ముసుగు సర్దుకుని సంతోషంగా ముందుకు వచ్చింది. ఆయన ఆమె చేతుల్లో తెల్లచీర పెట్టి, “నీ భర్త త్యాగం వృథా పోదు తల్లీ. ధైర్యంగా ఉండు,” అన్నాడు.

పీరాంబీ చీరను చూసింది. ముందు వరసలో మీసాలు దువ్వుకుంటున్న మొగుణ్ణి చూసింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వినారు. అధికారి, రాళ్ళపేటవాళ్ళు దుఃఖంలో కూడా నవ్వుతారని మెచ్చుకుని జీపు ఎక్కినాడు.

జమాల్ సాబ్ ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. కంచం రాలేదు.

“ఏమే, సంగటి కాలేదా?”

పీరాంబీ గోడ వైపు తిరిగి, “ఎవురో మాట్లాడినట్లుండాదే,” అన్నది.

“నేనే. ఆకలయితాండాది.”

“ఈ ఇంట్లో మొగోడు లేడు. పోయినాడు. సర్కారోళ్ళు చీర గూడా ఇచ్చిరి.”

“ఆయప్పకు తెలీక ఇచ్చినాడే!”

అప్పుడు తిరిగింది. కండ్లనిండా నీళ్ళు, నోటినిండా తిట్లు. “తెలీక ఇచ్చినాడా? ఊరంతా ఆడ నిలబడుండ్రి గదా, ఒక్కడన్నా వద్దన్న్యాడా? నువ్వన్నా నోరు తెరిస్తివా? బతికుండేవాని పేరు సమాధిరాయి మీద పడితే ఆ మనిషి ఎన్ని దినాలుంటాడయ్యా? పో, ఆ పేరు తీయించుకోని రా. తీయించుకుంటే కూడు. లేకుంటే పోయినోళ్ళకు పెట్టినట్లు గురువారం పెడతా, ఊదు వేసి.”

కోపంలో అన్నదనుకున్నాడు జమాల్ సాబ్. కాదు. ఆమె నేరుగా మసీదుకు పోయి, నమాజు చేయించే కరీం సాబ్‌ను గురువారం ఫాతెహా చదివేదానికి రమ్మన్నది.

“తప్పమ్మా! బతికుండే మనిషికి ఫాతెహా యాడన్నా ఉండాదా?” అన్నాడు కరీం సాబ్.

“రాయి చూసి మాట్లాడు మామా.”

“చూసినాలే. మరి పొద్దున నా తొట్టికి నీళ్ళు పోసి పోయింది ఎవురు?”

“నాకేం తెలుసు? నువ్వే చెప్పు, జిన్నులు నీళ్ళు మోస్తాయేమో!”

కరీం సాబ్ గడ్డం గోక్కున్నాడు. ఫాతెహా చదవనని కచ్చితంగా చెప్పినాడు. ఆమె చేసే మలీదా మాత్రం రుచిగా ఉంటుందని ఊరందరికీ తెలుసు కాబట్టి, గురువారం ఎందుకన్నా మంచిదని ఆ దారినే వచ్చినాడు.

గురువారం పీరాంబీ ఇల్లు అలికి, ఊదు పొగ వేసి, చపాతీలు నలిపి బెల్లమూ నెయ్యీ కలిపిన మలీదా కంచంలో పెట్టి, “తిను” అనకుండా పక్కకు పోయింది. పోయినవాళ్ళను ఎవరూ తినమని పిలవరు. జమాల్ సాబ్ కంచం నాకి పెట్టినాడు. మొదటి వారం బతుకు కంటే చావే రుచిగా ఉందనుకున్నాడు. తర్వాత మిగతా రోజులు గుర్తుకు వచ్చినాయి. నీళ్ళు పోసే ఇండ్లలో ఒకచోట రొట్టె ముక్క, ఒకచోట ఊరిబిండి పచ్చడి, ఒకచోట ఎగతాళి. “సాబన్నా, పైన ఎట్లుండాది? ఆడన్నా వానలుండాయా?” అని ఆడవాళ్ళు అడిగేవాళ్ళు. “ఆడ గూడా నీళ్ళు నేనే మోస్తాండా,” అనేవాడు.

ఓబుళేసు ఇంట్లో ఈ గొడవ లేదు. అతని భార్య చెన్నమ్మ రాయి చూసి వచ్చి, “సచ్చినావంట గదా. సరే గానీ ఎనుముకు గడ్డి వేసినావా?” అన్నది. ఇష్టంలేని పెండ్లిళ్ళకు పోకుండా ఎగ్గొట్టేదానికి ఓబుళేసుకు చావు బాగా పనికి వచ్చింది.

రెండు వారాలకు జమాల్ సాబ్ బుగ్గలు లోపలికి పోయినాయి. పుల్లన్న దగ్గరికి పోయి కూర్చున్నాడు. పుల్లన్న ఉలి నూరుకుంటూ, “ఒక్క పూట పని. నీ పేరు చెక్కి తీసేస్తా. అంత మేర గుంత పడతాది, అంతే. చెప్పు, చేసేదా?” అన్నాడు.

జమాల్ సాబ్ లేచి రాయి దగ్గరికి పోయి నిలబడినాడు. తన పేరు కింద ఎర్రన్న పేరు. చదవను రాదు గానీ ఏది ఎవరిదో పుల్లన్న చూపించి ఉన్నాడు. ఇద్దరూ ఎన్ని కప్పులు కూల్చినారో, ఎన్ని తిట్లు తిన్నారో! తన పేరు తీయించుకుంటే ఓబుళేసు కూడా తీయించుకుంటాడు. వాడెప్పుడూ వెనకాలే వస్తాడు. అప్పుడు అంత పెద్ద రాయి మీద ఎర్రన్న ఒక్కడే మిగులుతాడు. మంట దగ్గర ఎర్రన్నను ఒక్కణ్ణి వదిలిపెట్టి పోయింది లేదు. ఇప్పుడు కూటి కోసం పోవాల్నా?

“ఉండనీలే పుల్లన్నా,” అన్నాడు.

ఆ మాట ఆంజినమ్మ చెవిన పడింది. ఆమె ఎర్రన్న పోయినాక కూలికి పోతూ, జయరాముడి వాముల దొడ్డి పక్కన ఒక కొట్టంలో ఉండేది. పీరాంబీ తెచ్చిచ్చిన తెల్లచీరను అద్దకంవాళ్ళ తొట్టిలో ముంచి చిలకపచ్చగా చేసుకుని కట్టుకుంది. “తెల్లవి ఇంట్లో ఉండాయి. ఎన్నని కడతాం?” అనేది. ఆమె ఒకరోజు జమాల్ సాబ్‌ను దారిలో ఆపి అడిగింది.

“ఏం సాబూ, మా ఆయనకు తోడుండావంట?”

“ఆ వదినా. ఒక్కడే ఉంటే ఏం బాగుంటాది?”

“ఆయప్పకు రాయి మీద తోడెందుకు? ఈడ పీరాంబీకి కావాల్సింది తోడు. ఆమె కొట్లాడేది నీ పేరుతో కాదు సాబూ. నా మొగం చూసినప్పుడల్లా ఆమెకు భయం. నాకు తెలీదా?”

జమాల్ సాబ్ వీపు మీద తిత్తి సర్దుకున్నాడు. ఆంజినమ్మ చెంగులోని చెనక్కాయలు ఇన్ని అతని చేతిలో పోసి, “తిను. సచ్చినోడు సచ్చినట్లుండాల గానీ ఇట్లా ఎండిపోకూడదు,” అని పోయింది.

శివరాత్రి పోయి గాలులు మొదలైనాయి. ఒక మధ్యాహ్నం జమాల్ సాబ్ స్మారకం అరుగు మీద కూర్చుని చెనక్కాయలు వలుచుకుంటుంటే రైలుపట్టా మోగింది. ఆ వెనకే జయరాముడు పంచె ఎగగట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చినాడు.

“సాబూ! నా వామి! వామి అంటుకుండాదప్పా! లెయ్!”

జమాల్ సాబ్‌కు కడుపులో ఆకలి, నోట్లో చెనక్కాయ, ఎదురుగా తన పేరు రాసిచ్చిన మనిషి. ఇంత మంచి సమయం మళ్ళీ దొరకదు.

“నేను సచ్చిండానన్నా.”

“ఎగతాళికి ఇదా సమయం?”

“ఎగతాళి కాదు. నువ్వు గూడా నిలబడితివి గదా, రెండు నిమిషాలు. నీకేమన్నా అనుమానముంటే రాయి చూసుకో.”

“నీ కాళ్ళు మొక్కుతా, లెయ్యప్పా!”

“మొక్కు. పోయినోళ్ళకు మొక్కితే మంచిదే.”

జయరాముడు నిజంగానే వంగబోయినాడు. అంతలో సందు మలుపులో పీరాంబీ కనపడింది. మొగుని తిత్తి నింపుకుని, తన వీపు మీద వేసుకుని, ముసుగు జారిపోయి, రెండడుగులకొకసారి తూలుతూ వస్తోంది. అంత బరువు ఆమె ఎన్నడూ ఎత్తినది కాదు.

“ఏంది కూర్చోనుండావు?” అని అరిచింది.

“సచ్చినోణ్ణి లేపుతావేమే?”

“వామి పక్కన ఆంజినమ్మ కొట్టమయ్యా!”

జమాల్ సాబ్ చేతిలో చెనక్కాయలు కింద పడినాయి. ఆ సంగతి ఆయన తలకు తట్టలేదు. జయరాముడితో ఆడుకునే సంబరంలో గాలి ఎటు ఉందో చూసుకోలేదు. తిత్తి ఆమె వీపు మీద నుంచి లాక్కుని, వంగిన నడుముతోనే, ఊర్లో ఎవరూ చూడనంత వేగంగా పరుగెత్తినాడు.

వామి కొండ మాదిరి కాలుతోంది. నిప్పురవ్వలు ఆంజినమ్మ కప్పు మీదికే పోతున్నాయి. జమాల్ సాబ్ నిచ్చెన వేసుకుని ఆ కప్పు ఎక్కినాడు. కింద జయరాముడు, “ఆడెందుకప్పా పోసేది? నా వామి మీద పొయ్యి!” అని చిందులు తొక్కినాడు.

“అది పోయినట్లే లెక్కన్నా!” అని పై నుంచి జవాబు వచ్చింది.

ఓబుళేసు కూడా ఈసారి తొందరగానే వచ్చినాడు. జనం మట్టి ఎత్తి పోసినారు. తిత్తిలో నీళ్ళన్నీ కప్పుకు తాపి, జమాల్ సాబ్ గోనెపట్టతో రవ్వలు కొడుతూ ఉండగా గాలి ఒక్కసారి తిరిగి పొగంతా కొట్టాన్ని కమ్మింది. పొగలో ఏదో విరిగిన శబ్దం వినపడింది. పొగ పక్కకు పోయేసరికి కప్పు మీద మనిషి లేడు, మనిషంత బొక్క ఉంది.

ఆంజినమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూలబడింది. అప్పుడు పీరాంబీ, పెండ్లయినప్పటి నుంచి మొగుని పేరు నోటితో పలకని పీరాంబీ, ఊరందరి ముందరా గొంతు చించుకుని అరిచింది.

“జమాలూ! ఓ జమాలూ!”

లోపలి నుంచి దగ్గు వినపడింది. తర్వాత, “పేరు పెట్టి పిలుస్తాండావేమే, నలుగురూ ఉండారు,” అని గొణుగుడు.

పీరాంబీ తలుపు తోసుకుని పోయింది. జమాల్ సాబ్ ఆంజినమ్మ రాగిపిండి కుండ మీద పడి, కుండ పగిలి, తల నుంచి కాళ్ళ దాకా పిండి పూసుకుని కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మలు లేవు. చొక్కా ఒక మూల పొగ వస్తోంది. ఆమె తడి గోనెపట్ట తీసుకుని ఆ చొక్కాను కొట్టింది. చొక్కా ఆరిపోయినాక కూడా కొట్టింది. ఓబుళేసు వచ్చి, “చాలు వదినా, ఆరిపోయినాడు,” అని పట్టుకున్న దాకా కొడుతూనే ఉంది.

కాలు బెణికింది. మంచం వచ్చింది. అన్నేండ్లు ఊరందరినీ మోసిన మనిషి మొదటిసారి దాని మీద పండుకుని, నులక సరిగ్గా బిగించలేదని వంక పెట్టినాడు. వామి పూర్తిగా బూడిదైంది. ఆంజినమ్మ కొట్టానికి ఒక బొక్క తప్ప ఏమీ కాలేదు. జయరాముడు మాత్రం చాలా రోజుల దాకా, తన వామి కాలిపోతుంటే ఊరంతా కలిసి చూస్తూ నిలబడిందని చెప్పుకుని తిరిగినాడు.

ఆ సాయంత్రం పీరాంబీ మొగుని పక్కన కూర్చుంది. కాలికి ఆముదం రాసి గుడ్డ కట్టింది. కంచం మాత్రం పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే పుల్లన్న ఇంటికి పోయి గుమ్మంలో నిలబడింది.

“పుల్లన్నా, ఉలి తీసుకోని రా. స్మారకం దగ్గర పనుండాది.”

“సాబు ఒప్పుకున్న్యాడా? ఇంకేం, తీసేస్తా పద.”

“తీసేసేది కాదు. ఆయన పేరు పక్కన నా పేరు పెట్టు.”

పుల్లన్న ఉలి కింద పెట్టినాడు. “నువ్వు బతికుండావు గదమ్మా!”

“ఆయన గూడా బతికే ఉన్న్యాడు గదా, అప్పుడు రాయలేదా?”

“ప్రెసిడెంటు రాసిచ్చినాడు. నీ పేరు ఎవురు రాసిచ్చినారు? ఎవురినీ అడక్కుండా చెక్కితే ఊర్లో ఏమంటారు?”

“ఏమన్నా అననీ. నీకు రేపటి నించి నీళ్ళు కావాల్నా, వద్దా? ఆ మాట చెప్పు ముందు.”

పుల్లన్న భార్య ఖాళీ తొట్టి పక్కన నిలబడి ఆ మాట విని, లోపలికి పోయి సుత్తి కూడా తెచ్చి మొగుని చేతిలో పెట్టింది.

జమాల్ సాబ్‌కు ఈ సంగతి ఓబుళేసు చెప్పినాడు. కర్ర పట్టుకుని కుంటుకుంటూ పోయేసరికి పుల్లన్న చివరి అక్షరం ఊదుతున్నాడు. పీరాంబీ అరుగు మీద కూర్చుని పనివానికి వంకలు పెడుతోంది. ఆంజినమ్మ కూడా వచ్చి చోద్యం చూస్తోంది.

“ఏందే ఇది? తియ్యమని నువ్వే గదా కూడు మానిపిస్తివి!”

“తీసేస్తే ఏం లాభం?” అన్నది పీరాంబీ, తల ఎత్తకుండా. “పేరు తీసేసినా నువ్వు మంటల్లోకి పోయేది మానవు. నిన్న చూసినా గదా. రైలుపట్టా మోగితే సచ్చినోడు గూడా లేసి పోతాడు. పో. నేను వద్దనను. గానీ నన్ను ఈ పక్కన నిలబెట్టి తెల్లచీర ఇప్పిస్తానంటే మాత్రం కుదరదు. ఉంటే ఇద్దరం ఉంటాం, రాయి మీదంటే రాయి మీద.”

జమాల్ సాబ్ కనుబొమ్మలు లేని ముఖం తడుముకున్నాడు. ఆంజినమ్మ వైపు తిరిగినాడు. “ఏం వదినా, నీది గూడా పెట్టిద్దామా? అన్న పక్కన?”

“నాకేం తొందర?” అన్నది ఆంజినమ్మ. “ముందు నువ్వు పగలగొట్టిన కుండ తెచ్చియ్యి.”

పీరాంబీ లేచి, కొంగు దులుపుకుని, మొగుని చెయ్యి తన భుజం మీద వేసుకుంది. నలుగురూ చూస్తున్నారని ఆయన లాక్కోబోతే వదలలేదు.

“యాడికే?”

“ఇంటికి. సంగటి చేసినా.”

“ఈ పొద్దు గురువారం కాదు గదా?”

“నోరు మూసుకోని నడువు. చల్లారిపోతాది.”